ఆర్డినెన్సు (భారత రాజ్యాంగం)

ఆర్డినెన్సు అనగా చట్టసభలు సమావేశాలలో లేని కాలంలో, తక్షణమే చర్య తీసుకోవలసిన పరిస్థితి ఏర్పడినపుడు, కేంద్రంలో రాష్ట్రపతి, రాష్ట్రంలో గవర్నరు జారీచేసే తాత్కాలిక శాసనం. దీనిని తెలుగులో అత్యవసరాదేశం అని కూడా అంటారు. భారత రాజ్యాంగంలోని 123వ అధికరణం రాష్ట్రపతికి, 213వ అధికరణం గవర్నరుకు ఈ అధికారాన్ని ఇస్తున్నాయి. అమలులో ఉన్నంత కాలం ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. చట్టసభలు తిరిగి సమావేశమైన తరువాత ఆరు వారాలకు మించి అది నిలవదు.

చట్టసభ లేని వేళ రాజ్యవ్యవహారం ఆగిపోరాదన్నది ఈ అధికారానికి మూలమైన ఆలోచన. అమెరికా అధ్యక్షునికి ఉన్న విరామకాల నియామక అధికారానికి కూడా ఆధారం ఇదే. చట్టసభ ఆమోదించవలసిన పనిని దాని పరోక్షంలో కార్యనిర్వాహక వర్గం చేయడం, సభ తిరిగి వచ్చాక ఆ పని సభ పరిశీలనకు లోబడడం ఈ రెండింటికీ ఉన్న సామాన్య లక్షణం. సభ లేకపోవడం నిజంగా ఇబ్బంది అయినదా, లేక ప్రభుత్వానికి అనుకూలమైనదా అన్నదే ఈ అధికారం చుట్టూ నడచిన వివాదాలన్నింటిలోని ప్రధాన ప్రశ్న. ఆంధ్ర ప్రదేశ్‌లో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సు, కరణం మునసబు పదవుల రద్దు, పోలవరం ముంపు మండలాల విలీనం, రాష్ట్ర ఎన్నికల కమిషనరు పదవీకాలం వంటి విషయాలలో ఈ ప్రశ్న తలెత్తింది.

జీవో, నోటిఫికేషను, ఆర్డినెన్సు - తేడాలు

వాడుకలో ఈ మూడింటినీ ఒకటిగా పొరబడడం కద్దు. ప్రభుత్వ ఉత్తర్వు (జీవో), నోటిఫికేషను అనేవి అప్పటికే ఉన్న చట్టం లేదా రాజ్యాంగ నిబంధన ఇచ్చిన అధికారం పరిధిలో వెలువడతాయి. అవి చట్టాన్ని మార్చజాలవు. ఆర్డినెన్సు ఉన్న చట్టాన్ని సవరించగలదు, రద్దు చేయగలదు, కొత్త చట్టాన్ని ఏర్పరచగలదు.

ఏలూరు జిల్లా నుండే దీనికి చక్కని ఉదాహరణ ఇవ్వవచ్చు. కొల్లేరు ప్రాంతంలోని కలిదిండి మండలం పూర్వం కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అది కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది. ఈ మార్పుకు ఆర్డినెన్సు అవసరం కాలేదు. జిల్లాల ఏర్పాటుకు సంబంధించిన 1974 నాటి చట్టం ప్రభుత్వానికి ఇచ్చిన అధికారం మేరకు నోటిఫికేషను సరిపోయింది. అదే జిల్లాలో ఉత్తరాన ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాల కథ వేరు. అవి 2014లో ఒక రాష్ట్రపు సరిహద్దు నుండి మరొక రాష్ట్రంలోకి మారాయి. దానికి పార్లమెంటు చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఆ సమయానికి పార్లమెంటు సమావేశాలలో లేనందున ఆ సవరణ ఆర్డినెన్సు రూపంలో వచ్చింది.

చరిత్ర

బ్రిటిషు పాలనలో

భారతదేశంలో ఆర్డినెన్సు అధికారానికి మూలం 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టంలో ఉంది. ఆ చట్టపు 23వ సెక్షను, అత్యవసర పరిస్థితులలో శాసన మండలితో నిమిత్తం లేకుండా ఆర్డినెన్సు జారీచేసే అధికారాన్ని గవర్నరు జనరలుకు ఇచ్చింది. అటువంటి ఆర్డినెన్సు ఆరు నెలల వరకు అమలులో ఉండేది. ఈ అధికారానికి చట్టసభ విరామంతో సంబంధం లేదు. సభ సమావేశమై ఉన్నా, లేకున్నా గవర్నరు జనరలు దీనిని వాడవచ్చు.

జాతీయోద్యమ కాలంలో ఈ అధికారం అణచివేతకు సాధనమైంది. 1930 మే 1న గవర్నరు జనరలు ఇర్విన్ లాహోరు కుట్ర కేసు విచారణకై ఒక ఆర్డినెన్సు జారీచేసాడు. దాని ప్రకారం ముగ్గురు న్యాయమూర్తులతో ప్రత్యేక ట్రిబ్యునలు ఏర్పడింది. ట్రిబ్యునలు తీర్పుపై హైకోర్టుకు అప్పీలు చేసుకునే అవకాశం లేకుండా పోయింది. ఆ ట్రిబ్యునలే 1930 అక్టోబరు 7న భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు మరణశిక్ష విధించింది.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ అధికారాన్ని రెండు పాయలుగా చీల్చింది. రాష్ట్రాల విషయంలో 88వ సెక్షను ప్రకారం శాసనసభ విరామంలో ఉన్నపుడు మాత్రమే గవర్నరు ఆర్డినెన్సు జారీచేయాలి. దానిని సభ ముందుంచాలి. సభ తిరిగి సమావేశమైన ఆరు వారాలకు అది ముగిసిపోతుంది. 89వ సెక్షను ప్రకారం మాత్రం గవర్నరు తన ప్రత్యేక బాధ్యతల నిర్వహణకై, సభ సమావేశాలలో ఉన్నా సరే, స్వంత విచక్షణపై ఆర్డినెన్సు చేయవచ్చు. కేంద్రం విషయంలో 42, 43 సెక్షనులు ఇదే పద్ధతిని అనుసరించాయి.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఈ రెండింటిలో మొదటి పాయను మాత్రమే స్వీకరించి, రెండవదానిని వదలివేసింది. విరామకాలం, సభ ముందు ఉంచడం, ఆరు వారాల గడువు అనే మూడు నిబంధనలూ 1935 చట్టం నుండి వచ్చినవే.

రాజ్యాంగ సభలో చర్చ

ముసాయిదా రాజ్యాంగంలో రాష్ట్రపతి ఆర్డినెన్సు అధికారం 102వ అధికరణంగా, గవర్నరు అధికారం 187వ అధికరణంగా ఉండేవి. ఇవి వరుసగా 1949 మే 23న, జూన్ 14న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చాయి. పరాయి పాలనలో ఆర్డినెన్సుల బాధ అనుభవించిన సభ్యులకు ఈ అధికారంపై అనుమానం ఉండడం సహజం. ఆర్డినెన్సు జారీ అయ్యాక సభలను త్వరగా సమావేశపరచాలని, కాలపరిమితిని తగ్గించాలని హృదయనాథ్ కుంజ్రు వాదించాడు. ఇటువంటి అధికారం చట్టబద్ధ పాలనకే విరుద్ధమని కె.టి.షా అభిప్రాయపడ్డాడు.

ముసాయిదా సంఘం అధ్యక్షుడు బి.ఆర్.అంబేద్కర్ దీనికి సమాధానమిస్తూ, ఇది పార్లమెంటుకు సమాంతరమైన శాసనాధికారం కాదని వివరించాడు. పార్లమెంటు సమావేశాలలో లేనపుడు హఠాత్తుగా వచ్చిన పరిస్థితిని ఎదుర్కొనడానికి ఉన్న చట్టాలు చాలకపోవచ్చుననీ, అప్పుడు మరొక మార్గం లేదనీ అతని వాదన. మంత్రిమండలి సలహాపైనే రాష్ట్రపతి ఈ అధికారాన్ని వాడతాడు గనుక, ఆ మంత్రిమండలి సభకు జవాబుదారీ గనుక, బ్రిటిషు గవర్నరు జనరలు అధికారంతో దీనికి పోలిక లేదన్నది రాజ్యాంగ నిర్మాతల ఆలోచన. సవరణలు వీగిపోయి అధికరణాలు ఆమోదం పొందాయి.

ముఖ్య నిబంధనలు

123, 213 అధికరణాలలోని ముఖ్యాంశాలు ఇవి:

* ఉభయ సభలూ సమావేశాలలో ఉన్నపుడు ఆర్డినెన్సు జారీ చేయరాదు. ఒక సభ సమావేశంలో ఉండి, మరొకటి లేనపుడు జారీ చేయవచ్చు. ఎందుకంటే ఒక్క సభ చట్టం చేయజాలదు. శాసనమండలి లేని రాష్ట్రాలలో శాసనసభ ఒక్కదానినే లెక్కలోకి తీసుకుంటారు.
* తక్షణమే చర్య తీసుకోవలసిన పరిస్థితులు ఉన్నాయని రాష్ట్రపతికి లేదా గవర్నరుకు సంతృప్తి కలగాలి. ఈ సంతృప్తి మంత్రిమండలి సలహాపై ఆధారపడినది.
* ఆర్డినెన్సును సభలు తిరిగి సమావేశమైనపుడు వాటి ముందు ఉంచాలి.
* తిరిగి సమావేశమైన నాటి నుండి ఆరు వారాలు ముగియగానే అది రద్దవుతుంది. రెండు సభలు వేర్వేరు తేదీలలో సమావేశమైతే తరువాతి తేదీ నుండి లెక్కిస్తారు. ఆ లోపే సభలు తిరస్కార తీర్మానం చేస్తే అప్పుడే రద్దవుతుంది.
* దానిని ఎప్పుడైనా ఉపసంహరించవచ్చు.
* చట్టసభ చేయజాలని చట్టాన్ని ఆర్డినెన్సు ద్వారా కూడా చేయరాదు. ప్రాథమిక హక్కులకు భంగం కలిగించే ఆర్డినెన్సు చెల్లదు. ఆర్డినెన్సు ద్వారా రాజ్యాంగాన్ని సవరించడానికి వీలులేదు.
* కొన్ని విషయాలలో రాష్ట్రపతి ముందస్తు ఆదేశం లేకుండా గవర్నరు ఆర్డినెన్సు చేయరాదు. అదే విషయంపై బిల్లు పెట్టడానికి రాష్ట్రపతి అనుమతి కావలసి వచ్చేవి, రాష్ట్రపతి ఆమోదానికి పంపవలసి వచ్చేవి ఈ కోవలోకి వస్తాయి.

తెలుగువారు నివసించే యానాం కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరిలో భాగం. అక్కడ 239బి అధికరణం ప్రకారం, రాష్ట్రపతి ఆదేశం పొందిన తరువాత లెఫ్టినెంట్ గవర్నరు ఆర్డినెన్సు జారీచేయవచ్చు.

కాలపరిమితి లెక్క

ఆర్డినెన్సు ఆయుష్షు ఆరు వారాలే అనుకోవడం పొరపాటు. ఆరు వారాల లెక్క సభ తిరిగి సమావేశమైన రోజు నుండి మొదలవుతుంది. ఒక సమావేశాల చివరి రోజుకు, తరువాతి సమావేశాల మొదటి రోజుకు మధ్య ఆరు నెలలకు మించిన వ్యవధి ఉండరాదని రాజ్యాంగం చెబుతున్నది. ఉదాహరణకు శాసనసభ సమావేశాలు జనవరి 10న ముగిసి, మరునాడే ఆర్డినెన్సు వెలువడిందనుకుందాం. సభ జులై 10 నాటికి తిరిగి సమావేశం కావాలి. అక్కడి నుండి ఆరు వారాలు లెక్కిస్తే ఆగస్టు 21 వస్తుంది. అనగా సభ ఆమోదం లేకుండా ఒక శాసనం గరిష్ఠంగా సుమారు ఏడున్నర నెలలు అమలులో ఉండవచ్చు.

అమెరికాలోని విరామకాల నియామకాలతో పోలిక

అమెరికాలో రాయబారులు, సుప్రీం కోర్టు న్యాయమూర్తులు, ఉన్నతాధికారుల నియామకాలకు సెనేట్ ఆమోదం కావాలి. 18వ శతాబ్దంలో సెనేట్ సంవత్సరంలో చాలా నెలలు సమావేశమయ్యేది కాదు. సభ్యులు గుర్రాలపైన, బండ్లపైన రాజధానికి చేరవలసి వచ్చేది. అందుచేత సెనేట్ విరామకాలంలో ఖాళీలను అధ్యక్షుడు తాత్కాలికంగా నింపవచ్చునని ఆ దేశ రాజ్యాంగపు రెండవ అధికరణంలో చేర్చారు. 1787 సెప్టెంబరు 7న ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో ఉత్తర కరోలినా ప్రతినిధి రిచర్డ్ డాబ్స్ స్పైట్ ఈ నిబంధనను ప్రతిపాదించగా, అది వ్యతిరేకత లేకుండా ఆమోదం పొందింది. అటువంటి నియామకం సెనేట్ తరువాతి సమావేశాల చివరి వరకు చెల్లుతుంది. ఇది సాధారణ నియామక పద్ధతికి అనుబంధమే కాని ప్రత్యామ్నాయం కాదని అలెగ్జాండర్ హామిల్టన్ ఫెడరలిస్టు వ్యాసాలలో వివరించాడు.

1795లో జార్జి వాషింగ్టన్ ఇలా నియమించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రట్లెజ్‌ను అదే సంవత్సరం డిసెంబరులో సెనేట్ తిరస్కరించింది. కాలక్రమంలో ప్రయాణాలు సులువై, సెనేట్ ఏడాది పొడుగునా సమావేశమవుతున్నప్పటికీ ఈ అధికారం వాడుకలో నిలిచింది. సెనేట్ ఆమోదం దొరకని వ్యక్తులను నియమించడానికి అధ్యక్షులు దీనిని వాడుతున్నారన్న విమర్శ వచ్చింది. 2012 జనవరిలో బరాక్ ఒబామా జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు చేసిన మూడు నియామకాలు చెల్లవని 2014 జూన్ 26న అమెరికా సుప్రీం కోర్టు నోయెల్ కానింగ్ కేసులో తీర్పు చెప్పింది. మూడు రోజుల విరామం ఈ అధికారాన్ని వాడడానికి చాలదనీ, పది రోజులకు తక్కువైన విరామం సాధారణంగా చాలదనీ ఆ తీర్పు సారాంశం.

భారతదేశంలో న్యాయమూర్తులు, గవర్నర్లు మొదలైనవారి నియామకాలకు పార్లమెంటు ఆమోదం అవసరం లేదు. కాబట్టి విరామకాల నియామకమనే ప్రశ్న ఇక్కడ రాదు. సభ చేయవలసిన పని ఇక్కడ చట్టం చేయడం. అందుచేత విరామకాల అధికారం కూడా చట్టం చేసే రూపమే తీసుకున్నది.

తెలుగువారికి సంబంధించిన ముఖ్య ఆర్డినెన్సులు

బ్యాంకుల జాతీయీకరణ (1969, 1980)

1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిని జారీచేసింది అప్పటి తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి. బరంపురంలో జన్మించిన తెలుగువాడైన గిరి, రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి మరునాడే పదవికి రాజీనామా చేసాడు. పార్లమెంటు సమావేశాలు జులై 21న, అనగా కేవలం రెండు రోజులలో ప్రారంభం కావలసి ఉంది. రెండు రోజులు ఆగలేనంత తొందర ఏమిటన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టాన్ని సుప్రీం కోర్టు 1970 ఫిబ్రవరి 10న ఆర్.సి.కూపర్ కేసులో ఇతర కారణాలపై కొట్టివేసింది. నాలుగు రోజుల తరువాత ప్రభుత్వం మరొక ఆర్డినెన్సుతో జాతీయీకరణను నిలబెట్టుకొన్నది.

1980 ఏప్రిల్ 15న నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఉండగా మరో ఆరు బ్యాంకులు ఆర్డినెన్సు ద్వారానే జాతీయమయ్యాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వాటిలో ఒకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

పదవీ విరమణ వయస్సు (1983)

1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. ఫిబ్రవరిలో మొదట ఉత్తర్వు, ఆపై ఆర్డినెన్సు వెలువడ్డాయి. ఆ నెలాఖరున 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిముఖం పట్టారు. కొద్ది వారాల క్రితం వరకు ఇంకా రెండు మూడేళ్ళ ఉద్యోగం ఉందనుకున్నవారు వీరిలో ఉన్నారు.

దీనిపై దాఖలైన కె.నాగరాజ్ కేసులో 1985 జనవరి 18న సుప్రీం కోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. ఆర్డినెన్సు జారీ శాసనాధికారం గనుక, ఆలోచన లేకుండా చేసారన్న కారణంతో దానిని ప్రశ్నించరాదని చెప్పింది. ఆ తీర్పుకు ముందే, 1984 ఆగస్టులో మరొక ఆర్డినెన్సుతో పదవీ విరమణ వయస్సు తిరిగి 58 అయింది.

కరణం, మునసబు పదవుల రద్దు (1984)

1984 జనవరి 6న వెలువడిన ఆర్డినెన్సు గ్రామాలలోని పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ ఈ కోవలోకి వచ్చారు. భూమి లెక్కలు, అడంగలు కరణం చేతిలోను, శిస్తు వసూలు, శాంతిభద్రతలు మునసబు చేతిలోను ఉండేవి. కొల్లేరు చుట్టుపక్కల గ్రామాలతో సహా రాష్ట్రమంతటా తరతరాలుగా కొన్ని కుటుంబాలలోనే నడచిన ఈ అధికారం ఒక్క రోజులో ముగిసింది. చాలామంది రైతులు దీనిని స్వాగతించగా, పదవులు కోల్పోయినవారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

శాసనసభ వెంటనే దీనిపై చట్టం చేయలేదు. ఒక ఆర్డినెన్సు గడువు తీరేలోగా మరొకటి చొప్పున వరుసగా ఆర్డినెన్సులు వచ్చాయి. చట్టంగా మారని ఆర్డినెన్సు ముగిసిపోతే, రద్దయిన పదవులు మళ్ళీ ప్రాణం పోసుకుంటాయా అన్నది టి.వెంకటరెడ్డి కేసులో ప్రధాన ప్రశ్న. ఆర్డినెన్సు అమలులో ఉండగా జరిగిపోయిన పని జరిగిపోయినట్లేననీ, పదవులు తిరిగి రావనీ 1985లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఈ సూత్రం 32 ఏళ్ళ పాటు నిలిచింది.

ముంపు మండలాల విలీనం (2014)

ఆంధ్ర ప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం 2014 జూన్ 2 తెలంగాణ అవతరణకు నిర్ణీత దినం. పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాలను ఆంధ్ర ప్రదేశ్‌లో ఉంచుతూ మూల చట్టం చేసిన ఏర్పాటును విస్తరిస్తూ, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకు చెందిన ప్రాంతాలను ఆంధ్ర ప్రదేశ్‌కు చేర్చే ఆర్డినెన్సును 2014 మే 29న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ జారీచేసాడు. నిర్ణీత దినానికి అప్పటికి నాలుగు రోజులే ఉంది. కొత్తగా ఎన్నికైన లోక్‌సభ ఇంకా సమావేశం కాలేదు. రెండు రాష్ట్రాలు ఏర్పడిన తరువాత సరిహద్దు మార్చాలంటే మూడవ అధికరణం ప్రకారం ఆ బిల్లును తెలంగాణ శాసనసభ అభిప్రాయానికి పంపవలసి ఉంటుంది. ఆ అవకాశం లేకుండా చేసారని తెలంగాణలో నిరసనలు జరిగాయి. ప్రాజెక్టు నిర్మాణం, నిర్వాసితుల పునరావాసం ఒకే ప్రభుత్వం కింద ఉండాలన్నది దీనిని సమర్థించినవారి వాదన. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ బిల్లును ఆమోదించడంతో ఆర్డినెన్సు చట్టమైంది. ఈ మండలాలలో కుక్కునూరు, వేలేరుపాడు మొదట పశ్చిమ గోదావరి జిల్లాలో, 2022లో ఏలూరు జిల్లాలో చేరాయి.

రాష్ట్ర ఎన్నికల కమిషనరు (2020)

ఆర్డినెన్సు, నియామకం రెండూ కలిసిన వివాదం ఇది. అందుచేత అమెరికా విరామకాల నియామకాలకు ఇది అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. కరోనా వ్యాప్తి కారణంగా 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనరు ఎన్.రమేష్ కుమార్ స్థానిక సంస్థల ఎన్నికలను వాయిదా వేసాడు. దీనితో ప్రభుత్వానికి, కమిషనరుకు విభేదాలు వచ్చాయి. ఏప్రిల్ 10న గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్ పంచాయతీ రాజ్ చట్టాన్ని సవరించే ఆర్డినెన్సును జారీచేసాడు. దాని ప్రకారం కమిషనరు పదవీకాలం ఐదేళ్ళ నుండి మూడేళ్ళకు తగ్గింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారే ఆ పదవికి అర్హులు. దానితో రమేష్ కుమార్ పదవి ముగిసినట్లు ప్రభుత్వం ప్రకటించింది. మరునాడు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి.కనగరాజ్‌ను కమిషనరుగా నియమించారు.

రాజ్యాంగంలోని 243కె అధికరణం ప్రకారం, రాష్ట్ర ఎన్నికల కమిషనరును హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించరాదు. నియామకం తరువాత అతని సేవా నిబంధనలను అతనికి నష్టం కలిగేలా మార్చరాదు. 2020 మే 29న ప్రధాన న్యాయమూర్తి జె.కె.మహేశ్వరి, న్యాయమూర్తి ఎం.సత్యనారాయణ మూర్తిల ధర్మాసనం ఆర్డినెన్సును, దాని ఆధారంగా వెలువడిన ఉత్తర్వులను కొట్టివేసింది. ఈ తీర్పుపై స్టే ఇవ్వడానికి జూన్ 10న సుప్రీం కోర్టు నిరాకరించింది. జులై చివరలో రమేష్ కుమార్‌ను తిరిగి నియమిస్తూ నోటిఫికేషను వెలువడింది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలు అతని ఆధ్వర్యంలోనే జరిగాయి.

మళ్ళీ మళ్ళీ జారీ చేయడం

గడువు తీరిన ఆర్డినెన్సునే చట్టసభ ముందు బిల్లు పెట్టకుండా తిరిగి జారీచేయడం ఈ అధికారపు దుర్వినియోగంలో ముఖ్యమైనది. బీహారులో 1967 - 1981 మధ్య 256 ఆర్డినెన్సులను ఇలా తిరిగి తిరిగి జారీచేసారు. వాటిలో కొన్ని 14 ఏళ్ళ వరకు అమలులో ఉన్నాయి. పుణె ఆచార్యుడు డి.సి.వాధ్వా ఈ వివరాలను పరిశోధించి వెలికితీసి, సుప్రీం కోర్టులో కేసు వేసాడు. 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్.భగవతి నాయకత్వంలోని ధర్మాసనం ఇటువంటి పద్ధతిని రాజ్యాంగాన్ని మోసగించడంగా వర్ణించింది. చట్టసభ పనిభారం వలన బిల్లు చేపట్టలేకపోయిన సందర్భానికి మాత్రం కొంత మినహాయింపు ఇచ్చింది.

న్యాయ సమీక్ష

1975లో ఎమర్జెన్సీ కాలంలో చేసిన 38వ రాజ్యాంగ సవరణ, ఆర్డినెన్సు విషయంలో రాష్ట్రపతి, గవర్నరుల సంతృప్తి అంతిమమనీ, దానిని ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదనీ నిర్దేశించింది. 1978 నాటి 44వ సవరణ ఆ నిబంధనను తొలగించింది.

2017 జనవరి 2న కృష్ణ కుమార్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంపై సమగ్రమైన తీర్పు ఇచ్చింది. 1989లో బీహారు ప్రభుత్వం 429 సంస్కృత పాఠశాలలను స్వాధీనం చేసుకుంటూ వరుసగా ఆర్డినెన్సులు జారీచేసి, వాటిని శాసనసభ ముందు ఉంచకపోవడం ఈ కేసుకు మూలం. ఆ పాఠశాలల ఉపాధ్యాయులు ఆర్డినెన్సులు ముగిసిన తరువాత జీతాల కోసం పోరాడారు. మెజారిటీ తీర్పులోని ముఖ్యాంశాలు:

* ఆర్డినెన్సును చట్టసభ ముందు ఉంచడం తప్పనిసరి.
* తిరిగి జారీచేయడం రాజ్యాంగ విరుద్ధం.
* సంతృప్తికి ఆధారమైన సమాచారం ఉందా, అసంగతమైన ఉద్దేశం ఉందా అన్నది న్యాయస్థానం పరిశీలించవచ్చు.
* చట్టంగా మారని ఆర్డినెన్సు వలన కలిగిన ఫలితాలు దానంతట అవే శాశ్వతం కావు. వాటిని వెనుకకు మళ్ళించడం అసాధ్యమా, లేక ప్రజాహితానికి విరుద్ధమా అన్నది చూసి నిర్ణయించాలి.

చివరి అంశంతో, గ్రామాధికారుల కేసులో 1985లో అనుసరించిన సూత్రం చెల్లకుండా పోయింది. ఆంధ్ర ప్రదేశ్ నుండి వచ్చిన కేసు స్థాపించిన నియమాన్ని బీహారు నుండి వచ్చిన కేసు మార్చింది.

రాష్ట్రపతి పాత్ర

మంత్రిమండలి సలహాను పాటించవలసి ఉన్నప్పటికీ, పునఃపరిశీలించమని రాష్ట్రపతి ఒకసారి కోరవచ్చు. 1996లో లోక్‌సభ ఎన్నికలు సమీపించిన సమయంలో పి.వి.నరసింహారావు ప్రభుత్వం పంపిన రెండు ఆర్డినెన్సులపై రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ సంతకం చేయలేదు. దళిత క్రైస్తవులకు రిజర్వేషన్లు, ఎన్నికల ప్రచార కాలం తగ్గింపు వాటి విషయాలు. ఎన్నికల ముంగిట అటువంటి నిర్ణయాలు ఆర్డినెన్సు ద్వారా తగవన్న అభిప్రాయానికి ఇది ఉదాహరణగా నిలిచింది.

అనుకూల, ప్రతికూల వాదనలు

ఆర్డినెన్సును సమర్థించేవారు చూపే కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది, విపత్తు, అంటువ్యాధి, న్యాయస్థానం తీర్పు వలన చట్టంలో ఏర్పడిన ఖాళీ వంటివి సభ సమావేశాల తేదీల కోసం ఆగవు. రెండవది, ముందుగా తెలిస్తే ప్రయోజనం దెబ్బతినే నిర్ణయాలు కొన్ని ఉంటాయి. బ్యాంకుల జాతీయీకరణ ఇటువంటిదని అప్పటి ప్రభుత్వం వాదించింది.

విమర్శకులు చెప్పేది వేరు. 1949లో సభ్యులు రాజధానికి చేరడానికి రోజులు పట్టేది. నేడు సభను కొద్ది రోజుల వ్యవధిలో సమావేశపరచవచ్చు. సభను ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు ముగించాలో నిర్ణయించేది మంత్రిమండలే గనుక, విరామాన్ని సృష్టించేదీ దానిని వాడుకొనేదీ ఒకరే అవుతున్నారు. పైగా ఆర్డినెన్సు మొదటి రోజు నుండే అమలులోకి వస్తుంది. సభ చర్చించే నాటికి ఉద్యోగాలు పోయి, పదవులు రద్దయి, కొత్త నియామకాలు జరిగిపోయి ఉంటాయి. అప్పుడు సభ కాదన్నప్పటికీ జరిగినదానిని సరిదిద్దడం కష్టం.

ఈ కారణంగానే లోక్‌సభ నియమాల ప్రకారం ఆర్డినెన్సు స్థానంలో బిల్లు ప్రవేశపెట్టేటపుడు, వెంటనే ఆర్డినెన్సు ఎందుకు అవసరమైనదో వివరించే పత్రాన్ని ప్రభుత్వం సభకు సమర్పించాలి. సభ్యులు ఆర్డినెన్సును తిరస్కరిస్తూ తీర్మానం ప్రతిపాదించవచ్చు. సాధారణంగా బిల్లు, ఈ తీర్మానం ఒకే చర్చలో వస్తాయి. సభ పరోక్షంలో తీసుకున్న నిర్ణయానికి సభ ఎదుట సమాధానం చెప్పుకోవలసిన సందర్భం అదే.